గౌహతికి ఎంత దూరం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు. మామిడికాయల లారీ తోలే ధనంజయ, అతని భార్య కోమలి, తల్లి కుప్పమ్మ, కూతురు లోహిత. నలుగురి మధ్యా నేల మీద లోహిత సంచి ఉంది. దాన్ని కోమలి సర్దింది. ధనంజయ విప్పమంటున్నాడు.

“గౌహతి యాడుండాదో తెలుసునా మీకు?” అంటూ ఫోను చూపించాడు. “ఈడ మన పూతలపట్టు. ఆడ గౌహతి. రెండువేల ఆర్నూరు కిలోమీటర్ల పైమాటే. లారీలో అయిదు దినాలు తోలాల.”

“లారీలో ఎవురు పంపిస్తా ఉండారు?” అంది కోమలి. “మద్రాసులో విమానం ఎక్కితే మూడు గంటలు. ఖోఖో సారు టికెట్టు కూడా తీసినాడు. ఆడ పోటీలకు పోయే రాష్ట్రం జట్టులోకి మన జిల్లా నుంచి పాప ఒక్కతినే తీసుకున్నారు.”

“ఈడి నుంచి మద్రాసు పోయేదానికే బస్సులో నాలుగు గంటలు పడుతుంది,” కుప్పమ్మ వక్క నములుతూ అంది. “అట్లయితే గౌహతి కంటే మద్రాసే దూరం.”

లోహితకు నవ్వొచ్చింది. నాయన ముఖం చూసి ఆపుకుంది.

“నవ్వులాట కాదమ్మా. దోవలో టైరు పంచరైతే నేను దిగి చూసుకుంటా. ఆకాశంలో ఎవురు దిగుతారు?”

“అదంతా వాళ్లు చూసుకుంటారులే,” అంది కోమలి. “పాపా, నువ్వు చెప్పు. పోతావా?”

ఆటలో దిగితే లోహితను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నాయన ఎదుట మాత్రం గట్టిగా మాట్లాడదు. “పోతా” అంది. అది ఆమె పక్కనున్న సంచికి తప్ప ఎవరికీ వినిపించలేదు.

ధనంజయ తల్లివైపు తిరిగాడు. “నువ్వే చెప్పమ్మా. రేపు సోమవారం. మద్రాసు మనకు తూర్పు. పోవచ్చునా?”

కుప్పమ్మ నమలడం ఆపింది. “సోమవారం తూర్పుకు వారశూల. రేపు ఈ ఇంట్లో నుంచి ఎవురూ ఆ దిక్కుకు బయలుదేరకూడదు.”

“విన్నారు గదా?” అన్నాడు ధనంజయ. ఆ ఇంట్లో కుప్పమ్మ మాటకు తిరుగులేదు. లోహిత తల వంచుకుంది.

కుప్పమ్మ గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. “మే లోహితా, ఆ సంచి ఎత్తు.”

“విప్పేదా అవ్వా?”

“ఎదురింట్లో తిరుమలమ్మకు ఇచ్చి, దేవుడి పటం కింద పెట్టమని చెప్పు. పో, బిరీన.”

కంటికి కనబడకుంటే గొడవ వదిలిపోతుందని ధనంజయ తృప్తిగా తలూపాడు. లోహిత కళ్లు తుడుచుకుంటూ వీధి దాటింది. తిరుమలమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంచి అందుకుంది.

“అన్నం పెడతా, కూర్చో పాపా.”

“వద్దత్తా,” అని లోహిత వెనక్కి వచ్చేసింది. గడపలో కుప్పమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

“యాడికి మే?”

“ఇంట్లోకి అవ్వా.”

“పరస్థానం పెట్టినాక ఇంట్లోకి ఎట్ల వస్తావు? ఈ దినం మంచి గడియలో నీ సంచి గడప దాటింది. అంటే నువ్వు బయలుదేరినట్టే. ఈ రాత్రి ఆడనే పడుకోని, తెల్లారినాక ఆడి నుంచే మద్రాసుకు పో. గౌహతి చూసినాకనే ఈ గడప తొక్కేది.”

లోపల ధనంజయ దిగ్గున లేచాడు. “అమ్మా, నేను ఒప్పుకోనే లేదు గదా.”

“ప్రయాణమైన బిడ్డను వెనక్కి పిలవకూడదురా, గమ్మున కూర్చో,” అని కొడుకును కసిరి, కుప్పమ్మ నవ్వుతూ మనవరాలి ముఖం మీదే తలుపు వేసేసింది.