నాలుగింటి నీడ

"ఇవాళ సంతకం పెట్టించుకునే రా. మళ్ళీ మొహమాటపడి కాసేపు కూర్చుని వచ్చేయకు," అంది పక్కింటి వదిన, పిట్టగోడ మీదుగా మెడ చాపి.

"పెట్టిస్తాలే వదినా. నువ్వు విన్నది నిజమేగా?"

"నా చెవులేమన్నా అద్దెకు తెచ్చుకున్నవా? గోడకి ఇవతల నేను, అవతల గడియారాల బాబాయ్. గాలిమర నీడ గదిలో పడ్డం ఆలస్యం, లెక్క మొదలు. ఒకటి, రెండు, మూడు... బొంగురు గొంతుతో, అరగంట సేపు. మంచం మీద ఉలుకూ పలుకూ లేని పెళ్ళాం, గోడ మీద తిరిగే రెక్కలు. పిచ్చెక్కదూ మరి? నాలుగింటికి మీరు మర ఆపడం మొదలుపెట్టారో లేదో, లెక్క ఠక్కున ఆగిపోయింది. ఇంకేం రుజువు కావాలి?"

సంతకం కోసం బయల్దేరినామెను అందరూ గాలమ్మ అంటారు. ఆరు వీధులవాళ్ళు కలిసి కరెంటు కోసం దిబ్బ మీద గాలిమర నిలబెట్టుకున్నప్పుడు, చోటు చూపించిందీ, ఆ తరవాత మరని కంటికి రెప్పలా చూసుకుంటున్నదీ ఆమే. ఎండ వాలు మారాక దాని నీడ సాయంత్రం నాలుగు నుంచి అరగంట సేపు గడియారాల బాబాయ్ కిటికీలోంచి లోపలికి వస్తుందన్నది మాత్రం ఆమె లెక్కలోకి రాలేదు.

గాలిమర సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటికైనా మరవల్ల ఇబ్బంది అని తెలిస్తే, వాళ్ళ నోటితో చెప్పించకుండానే సరిచేయాలి. బాబాయ్ లేని సమావేశంలో అందరూ చేతులెత్తారు. గాలి ఊపందుకునే వేళే అది, అయినా ఒక్క చెయ్యీ తగ్గలేదు. పన్నెండు రోజులుగా గాలమ్మ నాలుగింటికల్లా మర ఆపుతోంది. ఇవాళ బాబాయ్ సంతకం పెడితే ఇక దానంతటదే ఆగేలా టైమర్ బిగించేస్తారు.

ఆమె భయం గాలి గురించి కాదు. బాబాయ్‌కి మతి చెదిరితే మంచాన పడ్డ ఆయన భార్య టీచరమ్మకు ముద్ద కలిపి పెట్టే దిక్కెవరు?

తలుపు తీసే ఉంది. లోపల గది నీళ్ళ అడుగున ఉన్నట్టు మెత్తటి వెలుగులో ఊగుతోంది. గోడనిండా గడియారాలు, ఒక్కొక్కటీ ఒక్కో వేళ చూపిస్తూ. ఎవరి కాలం వాళ్ళది అన్నట్టు టిక్కుటిక్కుమంటున్నాయి. బాబాయ్ కంటికి భూతద్దం, పెదవుల మధ్య నాలుగు చిన్న స్క్రూలు. పని చేసేటప్పుడు ఆయన వాటిని అక్కడే దాచుకుంటాడు. ఆమెను చూసి స్క్రూలు అరచేతిలోకి తీసుకున్నాడు.

"రా అమ్మా. కూర్చో."

టీచరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మూడేళ్ళుగా అంతే, నోట మాట లేదు. ఒకప్పుడు ఈ ఆరు వీధుల పిల్లలకూ ఎక్కాలు నేర్పిన మనిషి. ఏడో ఎక్కంలో గాలమ్మ తడబడితే, చెప్పేదాకా బల్ల మీద వేలితో తాళం వేస్తూ ఓపిగ్గా కూర్చునేది.

"ఈ ఒక్క సంతకం పెట్టండి బాబాయ్. ఇక ఎప్పటికీ మీకు నీడ బాధ ఉండదు."

ఆయన కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు.

"బాధని ఎవరన్నారు?"

"మీరు అననక్కర్లేదు. మాకే తెలిసింది."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే నొచ్చుకుంటారని..."

"మంచివాళ్ళు," అన్నాడు ఆయన తల ఊపుతూ. "మరీ అంత మంచితనమైతే ఎలాగమ్మా?"

గాలమ్మ ఆయన్నే చూసింది. పన్నెండు రోజుల్లో మనిషి సగమైపోయాడు. కళ్ళు మాటిమాటికీ కిటికీవైపే పోతున్నాయి.

"సంతకానికేం, పెడతాను. ముందు ఒక్కసారి మర తిప్పు."

"ఇప్పుడా? నాలుగు దాటింది బాబాయ్, నీడ..."

"నీడ కోసమే."

"ఎందుకని?"

"చెప్తే నమ్మవు. డాక్టరుగారికి చెప్పాను. నిద్ర చాలడం లేదు, ముందు మీరు పడుకోండి అన్నాడు."

వదిన మాటే నిజమన్నమాట. గాలమ్మ వాదించే ఓపిక లేక ఫోన్ తీసి మర తిప్పే మీట నొక్కింది. బాబాయ్ లేచి కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగేశాడు. స్క్రూలు మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకుని మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

గాలమ్మ వెలుగుకు అడ్డం లేకుండా కిటికీ పక్కగా, బయటికి చూస్తూ నిలబడింది. దూరంగా దిబ్బ మీద తెల్లటి రెక్క ఒళ్ళు విరుచుకుంటూ లేచింది. దాని వెనక ఇంకొకటి. గదిలోని వెలుగు ఒకసారి మసకబారి తేరుకుంది. పెద్ద పక్షి ఏదో తొందర లేకుండా ఇంటి మీదుగా ఎగిరిపోతున్నట్టు, మళ్ళీ మసక, మళ్ళీ వెలుగు.

"ఒకటి..."

వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. బొంగురుగా, తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు. గాలమ్మ వెనక్కి తిరగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"రెండు... మూడు..."

ఒక్కో రెక్కకూ ఒక్కో అంకె. తప్పకుండా, తొందరపడకుండా. ఆరు దగ్గర కాస్త ఆగింది. ఒక రెక్క వెళ్ళిపోయింది. ఇంకో రెక్క వచ్చింది.

"ఏడు."

ఇక చాలు అనుకుంది గాలమ్మ. ఈ మనిషిని ఇలా చూస్తూ ఊరుకోవడం పాపం. మర ఆపడానికి బొటనవేలు ఫోన్ మీద పెట్టి, "ఊరుకోండి బాబాయ్," అంటూ వెనక్కి తిరిగింది.

"ఎనిమిది..."

బాబాయ్ పెదవుల మధ్య స్క్రూలు కదలకుండా అలాగే ఉన్నాయి.