చింతిస్తున్నాము

మూడో ఉత్తరం కూడా వచ్చేసింది.

"చూడండి, మీ కమిటీ ఘనకార్యం!" అంటూ భార్య ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టింది. అతనింకా బూట్లయినా విప్పలేదు.

‘మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. కారణం: కోరిన గంటలు పరిమితిని మించినవి.’

"నా కమిటీ ఏమిటి? నేను దరఖాస్తులో గడులు గీసేవాణ్ణి. వరాలిచ్చే దేవుళ్ళు వాళ్ళు," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. విశ్వవిద్యాలయంలో ఉన్న పెద్ద కంప్యూటర్ ఒక్కటే. దాని మీద కన్నేసిన పరిశోధకులు మూడొందల మంది. ఎవరికి ఎన్ని గంటలివ్వాలో కమిటీ తేలుస్తుంది. ఆ దరఖాస్తుల కోసం కొన్న కొత్త సాఫ్ట్‌వేర్‌కు నిబంధనలు నేర్పే పని అతనిది. ఏ గడి తప్పనిసరి, ఏ తేదీకి తలుపు మూసుకోవాలి, ఎన్ని గంటలు దాటితే కుదరదు, ఇలా రోజుకొకటి అమరుస్తున్నాడు. అమర్చింది పనిచేస్తోందని రూఢి చేసుకుని, కమిటీ పెద్దాయనకు రెండు ముక్కల రిపోర్టు పంపి, అప్పుడు ఇంటికి బయలుదేరతాడు. పని దగ్గర అంత నిక్కచ్చి మనిషి.

తిరస్కరించగానే సాఫ్ట్‌వేర్ దానంతటదే పంపే ఉత్తరం నమూనా రాసింది కూడా అతనే. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ‘చింతిస్తున్నాము’ అనే మాట కోసం ఒక పూటంతా తల బద్దలు కొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మాట సొంత ఇంట్లోనే రోజూ వినాల్సి వస్తోంది.

"చింతిస్తున్నారట, చింత! ఆ ముక్క రాసినవాడెవడో గానీ, వాడి చేతులు పడిపోను!" అంది భార్య.

అతను ఫోను ఆమె చేతికి తిరిగిచ్చేశాడు.

ఏ కొండచరియ ఎప్పుడు విరిగిపడుతుందో ముందే లెక్కగట్టడం ఆమె పరిశోధన. నాలుగేళ్ళుగా వానలో తడిసి, మట్టి తవ్వి తెచ్చిన కొలతలన్నీ దగ్గరున్నాయి. వాటిని లెక్కగట్టడం మామూలు యంత్రాల వల్ల కాదు. ఈ నెలాఖరులోగా పెద్ద కంప్యూటర్ మీద గంటలు దొరక్కపోతే ఆమె పరిశోధన సీటు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. పోయిందంటే మళ్ళీ రాదు.

సోమవారం వచ్చిన మొదటి ఉత్తరం, తప్పనిసరి గడి ఖాళీగా ఉందంది. అన్నీ నింపానని ఆమె ఒట్టు పెట్టుకుంది. అయినా మళ్ళీ మొదటినుంచీ నింపి పంపింది. మంగళవారం ఉత్తరం, గడువు ముగిసిందంది. గడువు శనివారం దాకా ఉంది! ఇవాళేమో గంటలు ఎక్కువడిగిందట.

"లోపల ఉన్నది మీరేగా. ఒక్కసారి తెరిచి చూడండి, తేడా ఎక్కడొచ్చిందో. మీకు పుణ్యముంటుంది."

"పేర్లు పెద్దాయనకు తప్ప ఎవరికీ కనబడకుండా కట్టుదిట్టం చేసింది నేనే. నువ్వు దరఖాస్తు పెడతావని తెలిసే చేశాను. ఇప్పుడు నన్నే కన్నం వేసి చూడమంటావా? రేపు నలుగురూ వేలెత్తి చూపిస్తే?"

"నలుగురి వేళ్ళ సంగతి సరే. నా బతుకు సంగతో?"

అతను వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు. నిజాయితీపరుడు కదా మరి.

ఇదంతా ఎవరి పనో అతనికి తెలుసు. ఆర్నెల్ల కిందట ఒక సభలో కమిటీ పెద్దాయన చూపిన లెక్క తప్పని ఆమె అందరి ముందూ లేచి చెప్పింది. పెద్దాయన ముఖం ఎర్రబడటం అతను కళ్ళారా చూశాడు. ఆ కక్ష ఇన్నాళ్ళకు ఇలా తీర్చుకుంటున్నాడన్నమాట. లోలోపల కుతకుత ఉడికిపోయాడు గానీ, పెళ్ళాం తరఫున వచ్చాడంటారని ఆయన గది వైపు వెళ్ళలేదు.

గురువారం నాలుగోది వచ్చింది. ‘ఇదే పరిశోధనకు ఇదివరకే గంటలు కేటాయించబడినవి.’ ఒక్క నిమిషం కూడా దక్కని మనిషికి అది పుండు మీద కారం చల్లినట్టే అయింది. కానీ ఆమె అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఫోను బోర్లా పెట్టి, ఆరేసిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. అతనికి మొదటిసారి భయం వేసింది.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, సీటు వదులుకుంటున్నానని సంతకం పెట్టేసింది. మధ్యాహ్నానికల్లా తర్వాతి మనిషి వచ్చి ఆమె బల్ల మీద సంచి పెట్టుకున్నాడు.

"అయిపోయిందండీ," అంది ఫోనులో. "ఇక మీ నిజాయితీకి ఏ ఢోకా లేదు."

తాడోపేడో తేల్చుకోవాలనిపించింది. నాలుగు ఉత్తరాలూ ప్రింటు తీసి, తలుపైనా తట్టకుండా పెద్దాయన గదిలోకి దూసుకుపోయాడు. కాగితాలు బల్ల మీద విసిరికొట్టాడు.

"నా భార్య మీద కక్ష తీరిందా సార్? ఇవాళ పరిశోధనే మానేసింది. చల్లబడిందా మీ కడుపు?"

"కక్షా? నా లెక్క తప్పు పట్టిన అమ్మాయి మీదా?" పెద్దాయన తెల్లబోయాడు. "ఆ తప్పు అచ్చులోకి ఎక్కకుండా కాపాడింది కదయ్యా! ఆవిడకివ్వక ఇంకెవరికిస్తాం?"

కళ్ళజోడు పెట్టుకుని నాలుగు కాగితాలూ చదివాడు. మళ్ళీ చదివాడు. కాసేపు కంప్యూటర్‌లో ఏదో వెతికాడు. కోపం వస్తుందనుకున్న ఆ ముఖంలో జాలి కనబడింది.

"కూర్చో," అన్నాడు.

అతను కూర్చోలేదు.

"కమిటీ మొదటిసారి సమావేశమయ్యేది వచ్చే సోమవారం; ఈ నాలుగు కారణాలూ నువ్వు రోజూ సాయంత్రం నాకు పంపిన రిపోర్టుల్లోవే నాయనా, ‘ఇవాళ పెట్టిన నిబంధనను పేరు కనబడని అదే దరఖాస్తులో వివరాలు మార్చి పరీక్షించాను, సక్రమంగా తిరస్కరించింది’ అని."