మానని చిగుళ్ళు

"ఈ వారం కూడా సర్టిఫికెట్ ఇవ్వలేదే" అంటూ అక్క పళ్ళ డాక్టర్ గదిలోంచి బయటికి వచ్చింది. నోట్లోంచి తెల్లటి దూది తీసి చెత్తడబ్బాలో పడేసింది. "చిగుళ్ళు ఇంకా మానలేదట."

"అయ్యో" అంది చెల్లెలు. గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్లయింది. ఆ వెంటనే సిగ్గుతో తల దించుకుంది.

అక్క కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఒకటి నేనిస్తానని చెల్లెలు అందరి ముందూ ధైర్యంగా అనేసింది. అయితే చిగుళ్ళలో చీము ఉండగా ఆపరేషన్ చేయరు. ఆ క్రిములు రక్తంలో కలిస్తే కొత్త కిడ్నీకీ, మనిషికీ ముప్పే. పళ్ళ డాక్టర్ సరేనంటేనే ఆపరేషన్‌కి తేదీ ఇస్తారు.

"వేలికి మళ్ళీ ఆ కట్టేంటే?" అంది అక్క.

"సూది గుచ్చుకుందక్కా."

"పదేళ్ళ నుంచి కుట్టుపని చేస్తున్నదానివి, నీకు సూది గుచ్చుకోవడమేంటే? ఈమధ్య బట్టలు కుడుతున్నావా, వేళ్ళు కుడుతున్నావా?"

చెల్లెలు నవ్వబోయింది, నవ్వు రాలేదు. అక్క పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉన్నాయి. రేపు మళ్ళీ డయాలసిస్. ఆ పాదాల వంక చూడలేక లేచి నిలబడింది.

"పోయిన నెల డాక్టరమ్మ గదిలో గొడుగు మర్చిపోయినట్టున్నాను, అడిగొస్తాను. నువ్వు మెల్లగా మెట్లు దిగుతూ ఉండక్కా."

గొడుగు అసలు తేనే లేదు.

లోపల డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మేడమ్, ఒక్క మాట. ఆ సర్టిఫికెట్... ఇంకో రెండు నెలలు ఆగి ఇస్తారా? కత్తి తలుచుకుంటే చేతులు వణుకుతున్నాయి మేడమ్. ఈ మాట అడిగానని అక్కకి మాత్రం చెప్పకండి."

డాక్టరమ్మ కుళాయి కట్టేసి ఆమె వైపు తిరిగింది.

"తిట్టండి మేడమ్. పడతాను."

"తిట్టడానికి నేనెవర్నమ్మా? మీ అక్క చిగుళ్ళు మాని మూడు వారాలైంది. సర్టిఫికెట్ అప్పుడే ఇచ్చేశాను. అయినా వారం వారం వచ్చి, కాసేపు కూర్చుని, దూది పెట్టించుకుని వెళ్తోంది."

"ఎందుకు మేడమ్?"

"'మా చెల్లెలి వేలికి సూది గుచ్చుకోవడం మానాక సర్టిఫికెట్ చూపిస్తాను, అప్పటిదాకా దానికి చెప్పకండి' అంది."