మలుపు దగ్గర ఆగే కారు

“ఆ ఇంజన్ తీశావో, నన్నూ దాంతోపాటే తీసి మూల పడెయ్!” అన్నాడు పెద్దాయన, బానెట్‌కి అడ్డంగా నిలబడి.

మెకానిక్ మేస్త్రీ స్పానర్ పట్టుకుని పెద్దాయన భార్య వైపు చూశాడు.

“పోయిన నెల బండి తోసి ఈయనకి నడుం పట్టేసింది. నాలుగు రోజులు మంచం దిగలేదు,” అందావిడ. “ఇంకోసారి తోస్తే నా దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు. నువ్వు కానియ్ మేస్త్రీ.”

ఒకప్పుడు ఎవరో జమీందారు ఎక్కి తిరిగిన కారట అది. తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు, ముందు వెండిలా మెరిసే జాలీ. దర్జాకేం లోటు లేదు. లోపలి ఇంజన్ మాత్రం పెద్దాయన కన్నా పదేళ్ళు పెద్దది.

అసలు మంట ఇంకోటుంది. పన్నెండేళ్ళ కిందట తన ఇంట్లో భోజనాల దగ్గర తోడల్లుడు, “తమ్ముడూ, నీది కారు కాదు, చక్రాలున్న మంచం. ఆ ఇంజన్ పీకేసి కొత్తది పెట్టించు,” అని నలుగురిలో నవ్వాడు. పెద్దాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. “ఇక మా ఇంట్లోవాళ్ళెవరూ ఈ గడప తొక్కరు!” అని ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇంజన్ మారిస్తే తోడల్లుడి మాటే నెగ్గినట్టు.

ఒట్టు ఆయనది, బరువు మోసింది ఆవిడ. ఆ తోడల్లుడి భార్య ఆవిడకి సొంత అక్క. అక్కకి చెవుడు. ఫోన్లో ఒక్క ముక్క వినపడదు, ఎదురుగా కూర్చుని పెదాలు చూస్తేనే మాట అందుతుంది.

అయితే దేవుడున్నాడు. వారం వారం బజారుకి వెళ్ళే దారిలో పెద్ద ఎత్తు ఉంది. అది ఎక్కేసరికి ఇంజన్ సలసలా కాగిపోయి, పైనున్న మలుపు దగ్గర ఆగిపోయేది. సరిగ్గా అక్క ఇంటి ముందు.

“రేడియేటర్‌కి నీళ్ళు కావాలి,” అనేవాడు పెద్దాయన మొహం గంటు పెట్టుకుని. “నీళ్ళకి వెళ్ళడం చుట్టరికానికి వెళ్ళడం కాదు. పో.”

ఆవిడ ఐదు లీటర్ల డబ్బా పట్టుకుని లోపలికి పోయేది. ఆ డబ్బా నిండడానికి గంట పట్టేది.

ఇప్పుడా గంట పోతుందని ఆవిడకి తెలుసు. అయినా ఆయన నడుం కన్నా ఎక్కువా అనుకుని, గుండె రాయి చేసుకుని “కానియ్” అంది.

పదిహేను రోజుల్లో పనైపోయింది.

“కంప్యూటర్‌తో నడిచే ఇంజన్ సార్ ఇది. దారిలో ఆగిందంటే నా మీసం తీసేస్తా,” అని మేస్త్రీ తన ముప్పై ఏళ్ళ మీసం మెలేశాడు. డిక్కీలోంచి నీళ్ళ డబ్బా తీసి అవతల పెట్టాడు. “ఇక దీంతో పనిలేదు.”

“ఉండనీ,” అని పెద్దాయన దాన్ని మళ్ళీ డిక్కీలో పెట్టుకున్నాడు.

ఆ వారం కారు ఎత్తుని లెక్కే చెయ్యలేదు. మలుపు దగ్గర అక్క గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ చెయ్యెత్తేలోపే గేటూ అక్కా వెనక్కి వెళ్ళిపోయారు. తర్వాతి వారమూ అంతే. మూడో వారం గేటు దగ్గర ఎవరూ లేరు.

“ఒంట్లో బాలేదా?” అడిగాడు పెద్దాయన.

“బానే ఉంది.”

“మరి మాట్లాడవేం?”

“బండి అంత బాగా పోతోందిగా. చూస్తున్నా,” అని ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. బజార్లో బెండకాయల బదులు దొండకాయలు కొనుక్కొచ్చింది.

మర్నాడు పెద్దాయన, సీటు కిర్రుమంటోందని కారు మేస్త్రీ షెడ్డుకి తీసుకెళ్ళి, సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు.

నాలుగో వారం. ఎత్తు సగం ఎక్కాక పెద్దాయన, చెప్పు జారిందని సణుక్కుంటూ సీటు కిందకి వంగి సర్దుకున్నాడు. మలుపు దాకా వచ్చిన కారు ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది.

“అయ్యో, ఏవండీ!” అందావిడ. ఆ అయ్యోలో దిగులు వెతికినా దొరకదు.

“వాడి ఇంజన్ తగలెయ్య! మేస్త్రీకి ఫోన్ చేస్తా,” అన్నాడు పెద్దాయన. “నువ్వు కూర్చో, తొయ్యనులే.”

పది నిమిషాల్లో మేస్త్రీ స్కూటర్ మీద లాప్‌టాప్‌తో దిగాడు. పైపెదవి నున్నగా ఉంది.

“మీసమేదయ్యా?”

“మాటంటే మాటేనమ్మా,” అన్నాడు మేస్త్రీ తల దించుకుని. లాప్‌టాప్‌కి వైరు తగిలించి చాలాసేపు చూశాడు. “ఏ తప్పూ చూపించట్లేదు. ఎందుకైనా మంచిది, నీళ్ళు పడితే...”

కంప్యూటర్ ఇంజన్‌కి నీళ్ళేమిటని ఆవిడ అడగలేదు. డబ్బా అప్పటికే చేతిలో ఉంది. గేటు తోసుకుని, “అక్కా!” అని వీధి దద్దరిల్లేలా అరిచింది. వినపడదని తెలిసీ అరిచింది.

మేడ మీద నుంచి తోడల్లుడు తొంగి చూశాడు. “ఏం తమ్ముడూ! కొత్త ఇంజన్ కూడా నీ చేతిలో పడేసరికి మంచమైపోయిందా?” అని పగలబడి నవ్వాడు. పక్కింటివాళ్ళూ బయటికొచ్చి నవ్వారు.

పెద్దాయన పళ్ళ బిగువున ఊరుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. లోపల అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవడం బయటికి వినిపిస్తోంది. తోడల్లుడు నవ్వి నవ్వి అలిసి లోపలికి పోయాడు.

పెద్దాయన మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు.

“సీటు కింద స్విచ్ భేషుగ్గా పనిచేస్తోందయ్యా.”