నడుమెత్తు తోట

“చింత తగ్గించండి. వంగవద్దు,” అన్నారు వైద్యుడుగారు, సత్యవతమ్మ నాడి చూసి చెయ్యి వదిలేస్తూ.

కూచిపూడిలో ఆయన హస్తవాసికి ఎంత పేరో, మాటల పొదుపుకీ అంతే పేరు. సగం మాట ఆయన అంటే, మిగతా సగం రోగి పూరించుకోవాలి. నడుం నొప్పితో బందరు నుంచి బస్సులో కుదేలై వచ్చిన సత్యవతమ్మకి ఆ సగం చాలలేదు.

“కొంచెం కూడానా అండీ?”

“కొంచెం కూడా.”

“పోనీ, దేవుడి దగ్గర?”

“దేవుడి పేరు చెప్పి అసలే వద్దు. శీతాకాలం వెళ్ళేదాకా ఇంతే. తైలం రాయండి. తగ్గిపోతుంది.”

పక్కన కూర్చున్న అంకమ్మరావు మొహం మతాబులా వెలిగింది. ఈమధ్యే సెకండ్ హ్యాండు కారు కొన్నాడు గానీ, అరిగిపోతుందని బయటికి తియ్యడు. అది వీధిలో ఎండకి మాడుతుంటే తన వీపే మాడుతున్నట్టు బాధపడుతున్నాడు. ఆయన కన్నంతా భార్య కూరగాయలు పండించే పెరటి మీదే ఉంది.

“విన్నావుగా?” అన్నాడు బయటికి రాగానే. “వంగకుండా మొక్కలెలా పెంచుతావ్? పెరడంతా సిమెంటు చేయించి షెడ్డు వేసేస్తే నీకు సుఖం, కారుకి నీడ.”

“కారు చిక్కుళ్ళు కాస్తుందాండీ?”

“అది కాదు సత్యవతీ, రాత్రుళ్ళు నువ్వు మూలుగుతుంటే నాకు నిద్రుండట్లేదు.”

“ఈ శీతాకాలం కాపు అయిపోయేలోగా నా నొప్పి తగ్గకపోతే సిమెంటు చేయించుకోండి. నేనే దగ్గరుండి నీళ్ళు కొడతాను.”

“వంగకుండానే?”

“వంగకుండానే.”

అనడమైతే అంది గానీ, ఆ రోజంతా పెరటి గుమ్మంలో నిలబడి నేలకేసి చూస్తూనే ఉంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ ఉప్పునేలని బతిమాలి, బామాలి దారికి తెచ్చుకుంది. మొగుణ్ణి తెచ్చుకోలేకపోయింది, అది వేరే సంగతి. చివరికి ఒక ఆలోచన తట్టింది. నేల దగ్గరికి తను వెళ్ళకూడదంటే, నేలే తన దగ్గరికి రావాలి.

అంకమ్మరావుది రొయ్యల వ్యాపారం. నాగాయలంక నుంచి సరుకొచ్చే థర్మాకోలు పెట్టెలు దొడ్లో గుట్టగా పడున్నాయి. వాటి అడుగున చిల్లులు పొడిచి, పాత బల్లల మీద నడుమెత్తున వరసగా పేర్పించింది. తోట్లవల్లూరు నుంచి ఒండ్రుమట్టి తెప్పించింది.

“ఇంతకీ ఈ మట్టెవరు ఎత్తిపోస్తారు?” అన్నాడు అంకమ్మరావు.

“వంగవద్దన్నది నన్ను కదండీ!”

ఆ రాత్రి ఆమె తైలం ఆయన రాసుకున్నాడు.

కలుపు తీసే తొళ్ళికకి బూజుకర్ర కట్టుకుంది. చిక్కుడు గింజల్ని ప్లాస్టిక్ గొట్టంలోంచి, నిలబడే, నేలమీది గుంటల్లోకి జారవిడిచింది. పాత వల కట్టి తీగని పైకి పాకించింది. బకెట్లు మానేసి చెంబుతో నీళ్ళు పోసింది. అలిసినప్పుడు కూర్చోడానికి ఎత్తు స్టూలొకటి వేసుకుంది. ఇరుగమ్మలు వచ్చి చూసి, “మీరు తోట పని చేస్తున్నారా, హోటలు గల్లాలో కూర్చున్నారా సత్యవతమ్మగారూ?” అని మేలమాడారు.

పెట్టెల్లో వేసిన వంకాయలు మాత్రం విరగకాశాయి. లేతవి, నిగనిగలాడేవి, సరిగ్గా చేతికి అందేంత ఎత్తులో. రోజూ అవే. గుత్తివంకాయ, కొత్తిమీర కారం పెట్టిన కూర, కాల్చిన వంకాయ పచ్చిపులుసు.

“ఇవాళా వంకాయేనా?” అనేవాడు అంకమ్మరావు.

“నన్ను కష్టపెట్టకుండా కాసేది అదొక్కటేనండీ. మీతో సహా చూసుకున్నా సరే.”

నియమం మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. స్పూను కింద పడితే, “ఏవండీ!” అని కేక. దేవుడికి కళ్ళతోనే దణ్ణం. చింత సంగతా, పాలవాడు రాకపోయినా నవ్వింది. సీరియల్లో కోడల్ని ఇంట్లోంచి గెంటేసినా నవ్వింది.

అయినా నొప్పి తగ్గలేదు. సరికదా, పెరిగింది. పళ్ళ బిగువున దాచింది గానీ, కాపు చివరికొచ్చిన రోజుల్లో ఓ పొద్దున మంచం దిగలేక దొరికిపోయింది. మధ్యాహ్నానికల్లా తాపీమేస్త్రి టేపు పట్టుకుని పెరట్లో ఉన్నాడు.

“ఒక్కసారి వైద్యుడుగార్ని అడిగొద్దామండీ. ఆయన కూడా తోట మానెయ్యమంటే మారుమాట్లాడను,” అంది సత్యవతమ్మ. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేకపోయేసరికి అంకమ్మరావు కంగారుపడి కారు తీశాడు.

వైద్యుడుగారు నాడి చూసి మొహం చిట్లించారు.

“పథ్యం?”

“పొల్లుపోకుండా చేశానండీ. మీరు వద్దన్న పని ఒక్కసారి చేస్తే ఒట్టు. స్పూను పడినా ఈయనే తీశారు.”

వైద్యుడుగారు స్పూను సంగతి అంతుపట్టక అంకమ్మరావు వైపు చూశారు.

“నిజమేనండీ,” అన్నాడు ఆయన, తన నడుం తనే పట్టుకుంటూ. “మట్టి కూడా నేనే మోశాను.”

“మీరలా గట్టిగా చెప్పబట్టే ఇలాంటి తోట వేశానండీ,” అంటూ సత్యవతమ్మ గుడ్డసంచీ ఆయన ముందు పెట్టింది. “వచ్చేముందు కోయించాను, మీ ఇంటికని. రోజూ ఇవే వండుకుంటున్నాం. కాదనకండి.”

వైద్యుడుగారు సంచీ మూతి విప్పారు. లోపలికి చూశారు. ఆమెని చూశారు. మళ్ళీ లోపలికి చూశారు. తర్వాత, జీవితంలో మొదటిసారిగా, మాట పూర్తిగా అన్నారు.

“అమ్మా, నేను తినవద్దన్నది ఈ వంగనే!”