చక్రాల బూట్లు

"సిగ్గులేదా నీకు? అరవై ఏండ్లొచ్చె!"

హేమావతి అరుపుకు ధర్మవరం స్కేటింగ్ క్లబ్బులో పాట ఆగిపోయింది. పిల్లలూ పెద్దలూ గిరగిరా తిరుగుతున్న సిమెంటు నేల మధ్యలో ఆమె మొగుడు మార్కండేయ చక్రాల బూట్లతో తూలుతూ నిలబడ్డాడు.

"బజారుకు పోతానని చెప్పి ఈడికొస్తావా?"

ఆయనకూ మండింది. "నలభై ఏండ్లు మగ్గం గుంతలో కూర్చోని కాళ్లాడిస్తి. ఒక్క అడుగన్నా ముందుకు పోయినానా?"

"నేను పోయినానా మరి?" ఆమె గొంతు ఇంకా లేచింది. "ఆ నలభై ఏండ్లూ నీ పక్కన రాట్నం తిప్పుతా కుచ్చోలేదా? ఈ పొద్దు నన్ను ఇడ్సిపెట్టి ఒక్కడివే వస్తివే!"

కొంగు నడుముకు బిగించి, చెప్పులు విసిరేసి, ఆయన్ను అంచునున్న గట్టు దగ్గరికి లాక్కొచ్చి, దాని మీద కూర్చుని ఆయన ముందుకు కాళ్లు చాపింది.

"కట్టు, నాకు గూడా."