రెండో రాణి గౌను

గల్ఫ్ దేశంలో, ఘుబ్రాలో మేడం వాళ్లింట్లో అందరూ పడుకున్నారు. పనిమనిషి హసీనా ఒక్కతే కుట్టుమిషను ముందు పళ్లు నూరుతోంది. పొద్దున్నే స్కూల్లో నాటకం. పాతకాలం ఇంగ్లండు రాజుగారి ఆరుగురు పెళ్లాల్లో మొదటి ముగ్గురి గౌన్లూ, ఒక చిన్నపాప గౌనూ ఈమె వంతుకొచ్చాయి. రెండో రాణిదొక్కటే సతాయిస్తోంది. ఎన్నిసార్లు కుట్టినా మెడ చుట్టూ ఊడిపోతోంది. దారం మార్చింది, సూది మార్చింది, చివరికి చేత్తో కుట్టింది. ఇటు తిరిగేలోపు మళ్లీ పటపటమని అదే చప్పుడు.

“ఏం మాయరోగం వచ్చిందే నీకు! నా ప్రాణం తీస్తాండావు గదే!” అని గౌనును కుర్చీలోకి విసిరికొట్టింది.

నీళ్లకని లేచిన మేడం కూతురు గుమ్మంలో ఆవలించింది. “ఆ రాణి తల రాజే నరికించాడక్కా. అప్పటికి వాళ్ల పాప చాలా చిన్నది. రేపు ఆ పాప వేషం నాదే,” అని చెప్పి వెళ్లి పడుకుంది.

ఏసీ టక్కున ఆగింది. హసీనా తలుపు వైపు చూసింది. మేకుకు తగిలించిన పాప గౌను అక్కడ లేదు.

అది కుర్చీలో, రాణి గౌను ఒళ్లో ఉంది. రాణి గౌను చేతులు రెండూ దాన్ని చుట్టుకుని ఉన్నాయి.

“ఇదొకటి తక్కువైంది,” అని గొణుక్కుంటూ హసీనా పాప గౌనును లాగింది.

ఆ చేతులు వదల్లేదు.